బూరెల కుట్టు

రోహిణీకార్తె ఎండలకి రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, పోయిన వేసవిలో మా ఇంటికొచ్చిన వాళ్ల కడుపులు మాత్రం నవ్వలేక పగిలాయి. ఎందుకు పగలవు చెప్పండి? రాజమండ్రి ఊరు, మధ్యాహ్నం మూడు గంటల వేళ, కరెంటు లేదు, గోదావరి మీంచి వచ్చే గాలి కూడా పొయ్యిలోంచి వచ్చినట్టుంది. అలాంటప్పుడు అరవై దాటిన ఒక ఇల్లాలు ఒళ్లో రెండు మూరల ఊలు దుప్పటి పెట్టుకుని, చెమటలు కక్కుతూ, ఇంకా ఇంకా అల్లుతూ కూర్చుంటే!

పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి, "జ్వరమా అండీ?" అంది పాపం.

"జ్వరం కాదమ్మా, మనవడు" అన్నాను.

మా వారైతే పేపరు అడ్డం పెట్టుకుని, "ఏమోయ్, అది పూర్తయ్యేలోగా నువ్వు ఆవిరైపోతే ఆ దుప్పటి నేను కప్పుకోనా?" అని అడిగారు. పెళ్లయి నలభై ఏళ్లు దాటాక ఇలాంటి మాటలకి జవాబు చెప్పడం మానేస్తాం కదా. నేనూ మానేశాను.

అసలు సంగతి ఇది. మా అమ్మాయి అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటుంది. అక్కడ చలి అంటే మన పులసల పులుసు గిన్నె బయట పెడితే పొద్దుటికి రాయైపోయే చలి. దానికి నెలలు నిండుతున్నాయి, నవంబరుకి బిడ్డ వస్తాడు. ఒకరోజు ఫోనులో మాట్లాడుతూ, తన స్నేహితురాలి బిడ్డకి వాళ్ల అమ్మమ్మ అల్లిన దుప్పటి చూపించింది. రంగురంగుల వరసలు, వాటి మీద వరసకి ముప్పై చొప్పున ఉబ్బెత్తు మొగ్గలు. చూడగానే చెయ్యిపెట్టి నొక్కాలనిపించేలా ఉంది. "ఎంత బాగుందో కదమ్మా" అంది అమ్మాయి. అంతే, నాకు చెయ్యమని అడగలేదు. అడక్కుండా అడగడం ఈ కాలం పిల్లలకి బాగా తెలుసు.

మర్నాడే మెయిన్ రోడ్డులో ఫ్యాన్సీ కొట్టుకి వెళ్లి ఊలు అడిగాను. కొట్టబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, నిచ్చెనెక్కి, పై అటకలోంచి దుమ్ముపట్టిన అట్టపెట్టె దింపాడు. 100 గ్రాముల ఉండలు ఆరు కొన్నాను. ఆరు చాలవని నాకు అప్పుడు తెలియదు. ఈ మొగ్గల కుట్టు ఉందే, ఇది ఊలు అల్లడం కాదు, ఊలు తినడం. చివరికి పదకొండు ఉండలు మింగింది.

సూది పట్టడం మాత్రం ఫోనులో నేర్చుకున్నాను. ఎవరో ఒకావిడ, ముఖం కనపడదు, రెండు చేతులే కనపడతాయి. ఆ చేతులు చకచకా చేసుకుపోతుంటే నేను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి, ఎడమ చేతిలో దారం, కుడి చేతిలో సూది, ముక్కుతో ఫోను నొక్కుతూ నేర్చుకున్నాను. ఇందులో నవ్వొచ్చే విషయం ఏమిటంటే, నేను పుట్టింది పాలకొల్లు దగ్గర కాలువగట్టు పల్లెలో. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ల చేతుల్లో ఈ సూదే ఉండేది. మా అమ్మ చేతిలో ముప్పై ఏళ్లు ఉంది. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, అరవై నాలుగో ఏట ఫోనులో నేర్చుకోవలసి వచ్చింది. ఎందుకంటే అమ్మ నాకు నేర్పలేదు. ఆ సంగతికి తరవాత వస్తాను.

ముందు కుట్టు చెప్పేస్తాను, మీలో చెయ్యాలనుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల భాషలో దీన్ని పఫ్ స్టిచ్ అంటారు. మామూలుగా సూది మీద ఒక ఉచ్చు ఉంటుంది కదా. దారం ఒకసారి సూదికి చుట్టి, కింది వరసలో కన్నంలో దూర్చి, దారాన్ని అర అంగుళం పైకి లాగాలి. మళ్లీ చుట్టి, మళ్లీ ఆ కన్నంలోనే దూర్చి, మళ్లీ లాగాలి. అలా నాలుగు సార్లు. అప్పటికి సూది మీద తొమ్మిది ఉచ్చులు వరసగా కూర్చుంటాయి. ఇప్పుడు దారం పట్టి ఆ తొమ్మిదింటిలోంచీ ఒకే లాగుడు. పైన ఒక గొలుసు వేసి మూతి బిగించాలి. ముద్దగా ఒక మొగ్గ లేస్తుంది. పై వరసకి వచ్చినప్పుడు కింది రెండు మొగ్గల మధ్య సందులో పై మొగ్గ వెయ్యాలి, ఇటుకల గోడ పేర్చినట్టు. ఒక్కటే జాగ్రత్త: ఉచ్చులు బిగించి లాగారో, తొమ్మిదింట్లోంచి సూది రాదు, మీ ప్రాణమే వస్తుంది. వదులుగా, ఎత్తుగా, తొమ్మిదీ ఒకే ఎత్తులో ఉండాలి.

రంగు మార్చేటప్పుడు ఇంకో చిన్న కిటుకు. పాత రంగు చివరి కుట్టులో ఆఖరి లాగుడు ఉంటుంది చూశారూ, అది కొత్త రంగు దారంతో లాగాలి. కుట్టు పూర్తిచేసి మారిస్తే, కొత్త వరస మొదట్లో పాత రంగు చుక్క ఒకటి మిగిలి, తెల్లచీర మీద పులుసు మరకలా కనపడుతుంది. ఇక రంగు మార్చినప్పుడల్లా వేలాడే కొసలు! వాటిని లావు సూదికి ఎక్కించి లోపలికి దాచడం ఉందే, అల్లినంత సేపు పడుతుంది. ఆ సంగతి ఫోనులో చేతులావిడ ఆఖర్న చెప్పింది.

అలా పన్నెండు వరసలు అల్లి, పరిచి చూసుకుంటే దుప్పటి దుప్పటిలా లేదు. కింద వెడల్పు, పైన సన్నం. గాలిపటానికి తోక కట్టడం ఒక్కటే తక్కువ. ఎందుకలా అయిందో ఎంత చూసినా అర్థం కాలేదు.

అప్పుడు అమ్మ వచ్చింది.

అమ్మకి ఎనభై మూడు. నాన్న పోయాక మా తమ్ముడి దగ్గర కొన్నాళ్లూ నా దగ్గర కొన్నాళ్లూ ఉంటోంది. నాలుగేళ్లుగా చూపు సరిగా లేదు. శుక్లాలు కాదు, అవి ఎప్పుడో తీయించాం. ఇది కంటి వెనక తెర నడిమధ్యన వచ్చే జబ్బు. చూసేదాని మధ్యలో మచ్చ పడిపోతుంది, చుట్టూ మాత్రం కనపడుతుంది. మన ముఖం చూడాలంటే అమ్మ మన చెవి పక్కగా ఎటో చూస్తుంది. కొత్తవాళ్లు ఈవిడ మనల్ని లెక్కచెయ్యడం లేదనుకుంటారు. "లేసు చేసీ చేసీ కళ్లు పాడయ్యాయా అండీ?" అని డాక్టరుగారిని నేను పక్కకి పిలిచి అడిగాను. "కాదమ్మా, దగ్గర పని వల్ల ఇది రాదు, వయసు వల్ల వచ్చేది" అన్నారాయన. ఆయన మాట నమ్మాను. నమ్మినా మనసు నమ్మడానికి వేరే లెక్కలుంటాయి.

ఆ రోజు అమ్మ వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుని, దుప్పటి అంచు ఒళ్లోకి లాక్కుంది. వేళ్లతో తడిమింది. ముఖం వెలిగిపోయింది.

"ఇవేంటే? బూరెల్లా ఉన్నాయి!"

నిజమే. పూర్ణం నిండుగా పెట్టి, మూతి బిగించి, నూనెలో వేస్తే పొంగిన బూరెల్లాగే ఉన్నాయి. ఆ క్షణం నుంచి మా ఇంట్లో పఫ్ స్టిచ్ అన్నవాళ్లు లేరు. అది బూరెల కుట్టు.

అమ్మ వేళ్లు ఒక వరస మీద నడిచాయి. తరవాత పై వరస మీద. ఆ పై వరస మీద. పెదవులు కదులుతున్నాయి. "కింద 32 ఉన్నాయి. ఇక్కడ 24 ఉన్నాయి. వరస చివర కుట్టు నువ్వు వదిలేస్తున్నావే. అది ఒంగి ఉంటుంది, కంటికి కనపడదు. వేలితో చూసుకోవాలి" అంది.

చూపున్న నేను మూడు రోజులు కూర్చుని కనిపెట్టలేనిది, చూపు లేని అమ్మ మూడు నిమిషాల్లో కనిపెట్టింది. మా వారు పేపరు దించి చూశారు. ఆయన పేపరు దించడం మా ఇంట్లో పెద్ద విశేషం.

ఇప్పుడు వెనక్కి వెళ్లాలి.

మా నాన్న కిరాణా కొట్లో గుమాస్తా. జీతం ఎంతో మాకు తెలియదు, చాలదని మాత్రం తెలుసు. అమ్మ పొద్దున్న వంట ముగించి, అంట్లు తోమి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఒళ్లో ఉతికిన తెల్లగుడ్డ పరుచుకుని, అరుగు మీద కాకుండా లోపలి వసారాలో కూర్చునేది. సూది సన్నంగా ఉండేది, మిల్లీమీటరు ఉంటుందో లేదో. తెల్లటి నూలు దారం. ఆ దారంతో పువ్వులు చేసేది. అమ్మ చేసేది చేతిపని, అంటే విడివిడి పువ్వులు. వాటిని కలిపి పెద్దవి చేసేది అతుకుపని, అది వేరే ఊళ్లో వేరే ఆడవాళ్లు చేసేవారు. కలిపాక అవి టేబుల్ మీద గుడ్డలవుతాయో, మంచం మీద దుప్పట్లవుతాయో, ఏ దేశం ఓడ ఎక్కుతాయో మాకు తెలియదు. అమ్మ జీవితంలో ఎన్ని వేల పువ్వులు చేసిందో గానీ, ఒక్క దుప్పటి పూర్తిగా చూడలేదు.

వారానికోసారి ఏజెంటు వచ్చేవాడు. దారం తూచి ఇచ్చేవాడు, పువ్వులు లెక్కపెట్టి, మళ్లీ తూచి తీసుకునేవాడు. మురికి పడితే తీసుకోడు. మన ఊళ్లో వేసవి ఎలా ఉంటుందో తెలుసు కదా, చేతికి చెమట పడితే తెల్లదారం కమిలిపోయేది. అందుకని అమ్మ పక్కనే ఒక పొడిగుడ్డ పెట్టుకుని నిమిషానికోసారి చెయ్యి తుడుచుకునేది. ఒక రేకు తక్కువైతే ఆ పువ్వు పక్కన పెట్టేసేవాడు. అప్పుడు అమ్మ ఆ పువ్వు మొత్తం విప్పేది. విప్పిన దారం వంకర్లు తిరిగి ఉంటుంది కదా, దాన్ని తడిపి, గోడ మేకుకి కట్టి సాగదీసి, మళ్లీ మొదలు. దీపం దగ్గర. నేను నిద్రపోయే ముందు ఆఖరున చూసేది ఆ వేళ్లే.

ఇంత చేసినా మా ఇంట్లో దాని పేరు పని కాదు. "ఏదో పొద్దుపోక చేసుకుంటుంది" అనేవాడు నాన్న, ఎవరైనా అడిగితే. భార్య కూలికి చేస్తోందంటే మగవాడికి పరువు తక్కువ. అమ్మ కూడా అదే మాట అనేది. ఊళ్లో ఆడవాళ్లందరూ అదే మాట. అందరికీ అంత పొద్దు ఎక్కడిదో నాకు తెలియదు.

1976లో నా పదో తరగతి. పరీక్ష ఫీజు అమ్మ చీర కొంగు ముడిలోంచి విప్పి ఇచ్చింది. చిల్లర నాణేలు, నలిగిన రూపాయి నోట్లు. అవి ఎక్కడివో నాకు తెలుసు. ఆ వారమే మా క్లాసు అమ్మాయి ఒకతె, ఉద్యోగస్తుల బిడ్డ, పుస్తకం కోసం మా ఇంటికొచ్చింది. దాన్ని గుమ్మంలో చూడగానే అమ్మ ఒళ్లో గుడ్డా, పువ్వులూ, దారం అన్నీ చుట్టేసి దిండు కింద తోసేసింది. ఒక పువ్వు బయటపడి నేలమీద ఉండిపోయింది. ఆ అమ్మాయి తీసి చూసి, "ఎంత బాగుందో! మీ అమ్మగారు చేశారా? ఎందుకు?" అంది.

"పొద్దుపోక. మా ఇంటికే, మా టేబుల్ మీదకి" అన్నాను.

మా ఇంట్లో టేబుల్ లేదు.

ఈ సంగతి యాభై ఏళ్లు నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అంత పెద్ద నేరమూ కాదు. కానీ కొన్ని చిన్నవే కాళ్లలో ముళ్లలా ఉండిపోతాయి, నడిచినప్పుడల్లా తెలుస్తాయి.

సూది పట్టుకుంటానని నేను చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు అడిగితే, అమ్మ చెయ్యి తోసేసేది. "నీకొద్దు. పోయి చదువుకో." అది కోపమనుకున్నాను.

తరవాత తరవాత తెలిసింది, ఈ పొద్దుపోక అనే మాట ఒక్క మా ఇంటిది కాదని. మరియా మీస్ అని జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి, ఈ లేసు చేసే ఆడవాళ్ల మీద ఒక పుస్తకమే రాసింది. 1982లో లండన్‌లో అచ్చయింది. ప్రపంచం మార్కెట్టుకి సరుకు చేసి పంపుతున్న ఆడవాళ్లని ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఇల్లాళ్లుగా లెక్కకట్టడం వల్లే వాళ్లకి అంత తక్కువ కూలి ముడుతోందని ఆవిడ తేల్చింది. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన అల్లిక గోదావరి ఒడ్డున ఎలా పాతుకుపోయిందో కూడా చెప్పింది. మన పొద్దుపోకని పట్టుకోవడానికి అంత దూరం నుంచి ఒకావిడ రావలసి వచ్చింది చూశారా!

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. బందరు లడ్డుకీ, ఉప్పాడ జమదానీకీ ఉన్నట్టు, ఆ పేరు ఆ సీమలో చేసినదానికే చెల్లుతుందన్నమాట. ఆ వార్త పేపర్లో చదివి అమ్మకి వినిపించాను. అమ్మ విని, కాసేపు ఊరుకుని, "ఇప్పుడు పువ్వుకెంత ఇస్తున్నారట?" అంది. పేపర్లో అది లేదు.

సరే, బూరెల దగ్గరికి వద్దాం.

తప్పు పట్టిన రోజు సాయంత్రమే అమ్మ సూది ఇమ్మంది. నేను ఊలుకి వాడే సూది ఆరు మిల్లీమీటర్లు, ప్లాస్టిక్‌ది, గులాబీ రంగు. చేతిలోకి తీసుకుని, "ఇది సూదేమిటే? గరిటె!" అని నవ్వింది. మొదటి బూరె వెయ్యడానికి తంటాలు పడింది. ఆ వేళ్లకి బిగుతు అలవాటు. సన్నదారం ఎంత బిగిస్తే పువ్వు అంత నిలబడుతుంది మరి. ఇక్కడేమో వదలాలి. "లాగకమ్మా, వదులు, వదులు" అని నేను పక్కన కూర్చుని చెబుతుంటే, నాకే విచిత్రంగా అనిపించింది. మూడో రోజుకి చెయ్యి వదులైంది. ఇక చూసుకోండి! చూపు అక్కర్లేదు. సన్నదారం పువ్వైతే ఇప్పుడు చచ్చినా చెయ్యలేదు, కన్నం కనపడదు. బూరెల కుట్టులో సందు ఎక్కడుందో వేలే చెబుతుంది. అమ్మ చూపు కిటికీ అవతల మామిడిచెట్టు మీద ఉండేది, చేతులు మాత్రం ఒళ్లో వాటి దారిన అవి పోతుండేవి.

పేచీ అంతా రంగుల దగ్గర వచ్చింది. మా అమ్మాయి ఫోనులో, "అమ్మా, బూడిదరంగూ తెలుపూ వెయ్యండి, ఇక్కడ పిల్లలకి ఇప్పుడవే ఫ్యాషన్" అంది. నేను సరేనన్నాను. అమ్మ మాత్రం సూది కింద పెట్టేసింది.

"తెలుపు వద్దు."

"ఏం అమ్మమ్మా?" అంది అమ్మాయి.

"ముప్పై ఏళ్లు చేశానమ్మా తెలుపు. మాపు పడుతుందేమోనని భయపడి చచ్చాను. పసిబిడ్డ పాలు కక్కుతాడు, నేల మీద పొర్లుతాడు. వాడూ భయపడాలా?"

పాలు కక్కే పసివాడు తెలుపుకి భయపడడని నాకు తెలుసు, అమ్మాయికీ తెలుసు. ఇద్దరం నోరు మూసుకున్నాం.

తరవాత ఫ్యాన్సీ కొట్టుకి అమ్మని ఆటోలో తీసుకెళ్లాను. కొట్టబ్బాయి మళ్లీ నిచ్చెనెక్కాడు. ఉండలన్నీ బల్ల మీద పోయించి, అమ్మ ఒక్కొక్కటీ తీసి, తల పక్కకి తిప్పి, ఓరగా, కంటి కొసతో చూసి ఏరుకుంది. మామిడిపండు రంగు. చిలకపచ్చ. వంగపండు. నెమలికంఠం. దానిమ్మగింజ. ఉల్లిపొర రంగు ఉండ ఒకటి నేను తీస్తే, "ఇది నాకు గంధం రంగులా ఉంది, రెండూ పక్కపక్కన వేస్తే కలిసిపోతాయి" అని పెట్టేసింది. ముదురు పక్కన లేత, లేత పక్కన ముదురు, అప్పుడే వరస ఎక్కడ మారిందో తనకి తెలుస్తుంది. ఇంటికొచ్చి పరిస్తే తిరనాళ్లలా ఉంది. మా అమ్మాయి చెప్పిన బూడిదరంగు దాని ముందు బూడిదే.

ఒక రోజు భోజనాల దగ్గర మా వారు, మంచి మాటే అనుకుని, "పోనీలే, మీ అమ్మగారికి కాస్త పొద్దుపోతోంది" అన్నారు.

నేను గరిటె టక్కున పెట్టాను. "పొద్దుపోవడం కాదండీ, పని!" అన్నాను. అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు. ఆయన తెల్లబోయారు. పాపం, ఆయనకేం తెలుసు ఆ మాట వెనక ఎన్నేళ్లున్నాయో. పైగా ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను కదా.

ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని చెప్పేశాను. పదో తరగతి, ఆ అమ్మాయి, నేల మీద పువ్వు, లేని టేబుల్. అంతా చెప్పాను. అమ్మ చీకట్లో ఫ్యాను వైపు చూస్తూ వింది.

"నాకు తెలుసులే. వసారాలోనే కదా ఉన్నాను, వినపడదూ?" అంది.

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"దిండు కింద తోసింది ఎవరే? నేనే కదా. నీకు సిగ్గని తెలిసే తోశాను" అని అటు తిరిగి పడుకుంది. కాసేపటికి గుర్రు కూడా వినపడింది. నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు.

దుప్పటి వినాయకచవితికి పూర్తయింది. మూడడుగుల పొడుగు, రెండున్నర వెడల్పు. నా గాలిపటం భాగం విప్పేసి మళ్లీ అల్లాం, కాబట్టి నాలుగు మూలలూ సరిగ్గా వచ్చాయి. ఫోనులో చూపిస్తే అమ్మాయి ఎంత మురిసిపోయిందో! మురిసిపోయాక నెమ్మదిగా అంది, "అమ్మా, ఒక్క మాట. ఇక్కడ డాక్టర్లు ఏడాది నిండేవరకూ బిడ్డ పడుకునే చోట దుప్పటి వెయ్యొద్దంటారు. ముఖం మీద పడితే ఊపిరాడదని."

మూడు నెలలు, పదకొండు ఉండలు, రోహిణీకార్తె ఎండ! నా నోట మాట రాలేదు. కానీ మాట నిజమే. పసివాడి ప్రాణం కంటే దుప్పటి ఎక్కువా? మీ ఇళ్లలోనూ చంటిపిల్లలుంటే ఇది గుర్తుపెట్టుకోండి. అమ్మే తేల్చింది. "పడుకునేటప్పుడు వద్దంటే, మెలకువగా ఉన్నప్పుడు కిందే పరుచుకోమను. దగ్గర కూర్చుని ఆడించుకోమను" అంది. అలాగే తెలిసినవాళ్లతో పంపించాం. మిగిలిన ఊలుతో అమ్మాయికి మెడకి చుట్టుకునే స్కార్ఫు కూడా అల్లి పెట్టాను. అది పూర్తిగా నా చేతిదే, అందుకే కొంచెం ఒక పక్కకి లాగుతుంది.

బిడ్డ పుట్టాడు. ఇప్పుడు బోర్లా పడుతున్నాడు. మొన్న ఫోనులో చూశాం, దుప్పటి మీద వేస్తే తల ఎత్తలేక ఎత్తి, ఒక బూరెని పిడికిట్లో పట్టుకుని వదలడం లేదు. అమ్మకి అది కనపడదు కదా, నేను చెప్పాను. "ఏ రంగు పట్టుకున్నాడు?" అని అడిగింది. నెమలికంఠం అని చెప్పాను.

ఆ తరవాత అమ్మకి ఒక దుప్పటి చేద్దామన్నాను. "నాకెందుకే ఈ వయసులో?" అంది. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, "దానిమ్మగింజ రంగు ఇంకా దొరుకుతుందా ఆ కొట్లో?" అని తనే అడిగింది. ఇప్పుడు అది నడుస్తోంది. ఇద్దరం చెరో వరస. నా వరస అయ్యాక అమ్మ చేతికి ఇస్తాను, అమ్మ వరస అయ్యాక నాకు ఇస్తుంది.

నిన్న మధ్యాహ్నం అమ్మ ఇచ్చిన వరస చూస్తే, మధ్యలో ఒక సందులో రెండు బూరెలు పడ్డాయి. అమ్మ చేతిలో తప్పు నేను చూడటం అదే మొదలు. చెప్పాలా వద్దా అనుకుంటూండగానే అమ్మ చెయ్యి చాపి, తడిమి, తనే కనిపెట్టింది. నేను విప్పడానికి కొస పట్టుకున్నాను.

"ఉండనీవే" అంది.

"ఒక్క నిమిషం పనమ్మా, సరిచేసేస్తాను."

"ఎవడికి అప్పజెప్పాలి దీన్ని? ఎవడు తూస్తాడు? ఉండనీ" అని, ఆ జంట బూరెల మీద వేలితో ఒకసారి రాసి, "ఇంతకీ నెమలికంఠం ఉండ ఎక్కడ పెట్టావు?" అంది.